నీటి పాఠానికి ముందు బిందె ఆట
(సభ్యుల శిక్షణ తరగతులు నడిపే సంఘ కార్యదర్శులకు, పర్యవేక్షకులకు)

పాడి పశువుల పోషణపై గ్రామ సంఘాల్లో మనం జరిపే తరగతుల్లో అన్నిటికంటె కష్టమైన పాఠం ఏదని అడిగితే, నీటి పాఠమేనని మేము తడుముకోకుండా చెబుతాం. గాలికుంటు టీకా గురించో, కృత్రిమ గర్భధారణ గురించో చెబితే సభ్యులు చెవి ఒగ్గి వింటారు. ఆ సంగతులు తమకు కొత్త. నీళ్ళ సంగతి అలా కాదు. "దీనికో పాఠమా? దాహమేస్తే గొడ్డు తాగుతుంది, మనం తాపుతాం" అన్న ధీమా ముందే ఉంటుంది. తెలుసునని అనుకున్నవారికి చెప్పడం, తెలియనివారికి చెప్పడం కంటె కష్టం.

మాకిది అనుభవం మీద తెలిసింది. ఒక ఎండాకాలం ఒక గ్రామ సంఘంలో ఉదయం పాల సేకరణ ముగిశాక తరగతి పెట్టాం. గోడకు పటం తగిలించాం. పశువుకు ఎన్ని లీటర్ల నీళ్ళు కావాలి, నీరు తగ్గితే ఏమవుతుంది అన్నవన్నీ వరుసగా చదివాం. పావుగంటలో ముందు వరుసలోని పెద్దాయన గోడకు చేరబడి కునుకు తీశాడు. ఇద్దరు యువకులు టీ తాగి వస్తామని వెళ్ళి మళ్ళీ రాలేదు. పాల గిన్నెలతో వచ్చిన ఆడవాళ్ళు గుమ్మం బయటే నిలబడి కాసేపు విని, "పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చాం" అంటూ వెళ్ళిపోయారు. పాఠంలో తప్పు లేదు, చెప్పిన తీరులోనే తప్పంతా ఉంది.

తరువాత ఆ పటాన్ని చుట్టి పక్కన పెట్టాం. పాఠానికి ముందు ఒక ఆట మొదలుపెట్టాం. ఏ సంఘంలోనైనా ఖర్చు లేకుండా ఆడించవచ్చు. అరగంట పడుతుంది. చదువు వచ్చినవారూ రానివారూ సమానంగా ఆడవచ్చు. మూడు అంచెలుగా ఉన్న ఈ ఆటను ఎలా నడపాలో, అందులోంచి పాఠంలోకి ఎలా దిగాలో ఈ వ్యాసంలో వివరిస్తాం.

కావలసిన వస్తువులు

1. ఊళ్ళో అందరూ వాడే మంచినీళ్ళ బిందె ఒకటి.
2. చెంబు ఒకటి.
3. ఒకే కొలత గల గాజు గ్లాసులు పది.
4. పాల కేంద్రంలోని లీటరు కొలపాత్ర, లాక్టోమీటరు, దాని జాడీ.
5. ఖాళీ పాల క్యాను ఒకటి, చిన్న కర్ర ఒకటి.
6. సుద్దముక్క.

ఆట అయ్యాక మిగిలిన నీళ్ళను పారబోయకూడదు. దగ్గరలోని పశువుల తొట్టిలో పోయించాలి. నీటి విలువ చెప్పే తరగతి నీళ్ళు ఒలకబోసి ముగిస్తే నలుగురూ నవ్వుతారు.

మొదటి అంచె: చెంబు తిప్పుట

అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టండి. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళను కూడా "రండమ్మా, ఇది ఆట" అని లోపలికి పిలవండి. పాఠమంటే రానివారు ఆటంటే వస్తారు. చెంబు నిండా అంచు దాకా నీళ్ళు పోసి ఒకరి చేతికివ్వండి. కార్యదర్శి గారు క్యాను మూత మీద కర్రతో దరువు వేస్తుండగా చెంబు చేతులు మారుతూ పోవాలి. దరువు ఆగినప్పుడు చెంబు ఎవరి చేతిలో ఉంటే వారు మూడు సంగతులు చెప్పాలి: తమ పేరు, తమ ఇంట ఉన్న పశువులు, తెల్లవారినప్పటి నుంచి తాము నీళ్ళు వాడిన పని ఒకటి. ఒకరు చెప్పిన పని మరొకరు చెప్పకూడదు.

మొదట్లో సమాధానాలు తేలికగా వస్తాయి. ముఖం కడిగాను, స్నానం చేశాను, కాఫీ తాగాను అంటారు. నాలుగైదు చేతులు దాటేసరికి మగవాళ్ళకు పనులు అయిపోతాయి. "పొలానికి నీళ్ళు పెట్టాను" అని ఒకరు గట్టెక్కుతారు. ఆ తరువాత తల గోక్కోవడమే. ఆడవాళ్ళ వంతు వచ్చేసరికి వరుస మళ్ళీ సాగుతుంది. వాకిట్లో కల్లాపి చల్లాను, బియ్యం కడిగాను, ఆ కడుగును కుడితి తొట్టిలో పోశాను, తవుడు తడిపాను, గేదె పొదుగు కడిగాను, పాల గిన్నె తోమాను, దూడకు నీళ్ళు చూపాను, పాక కడిగాను అంటారు. మేము ఆడించిన చోటల్లా ఇదే తంతు. ఇంటి నీళ్ళ లెక్క ఎవరి దగ్గర ఉందో ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే తేలిపోతుంది.

చివరికి చెంబును మధ్యలో పెట్టి నీళ్ళ మట్టం చూపించండి. అంచు దాకా ఉన్న నీళ్ళు దిగిపోయి ఉంటాయి. "ఎవరు ఒలికించారు?" అని అడగండి. ఒక్కొక్కరూ "నా చేతిలో ఒక్క చుక్కే పోయింది" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఒక్కొక్క చుక్క కలిసి అంత తరుగైంది. ఈ మాటను ఇక్కడ సాగదీయకండి, గుర్తు పెట్టుకొమ్మని మాత్రం చెప్పండి. పాఠం చివర దీనితో పని ఉంది.

రెండవ అంచె: గీతల మీద నిలబడుట

నేల మీద సుద్దతో వరుసగా ఎనిమిది గీతలు గీయండి. ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేయండి. అంకెలు చదవలేనివారి కోసం గీత పక్కన అన్ని చుక్కలు పెట్టండి. బిందెను అందరి ఎదుట లీటరు పాత్రతో కొలవండి. ఉదాహరణకు అది 12 లీటర్లు పట్టిందనుకుందాం. ఇప్పుడు ప్రశ్న వేయండి.

"రోజుకు 6 లీటర్ల పాలిచ్చే గేదెకు మేతలోని తడితో సహా రోజు మొత్తానికి ఎన్ని బిందెల నీరు కావాలి? ఎవరికి ఎంత తోస్తే ఆ గీత మీద నిలబడండి."

కొద్దిసేపు గందరగోళంగా ఉంటుంది, ఉండనివ్వండి. ఒకరిని చూసి ఒకరు గీతలు మారుతారు. మేము చూసినంతలో మగవాళ్ళు ఎక్కువమంది రెండు, మూడు గీతల దగ్గర గుమికూడుతారు. ఒక ఊళ్ళో అప్పటిదాకా మాట్లాడని ఒక పెద్దావిడ నేరుగా ఆరో గీత మీదికి వెళ్ళి నిలబడింది. ఆమె భర్త రెండో గీత మీద నుంచి, "ఆరు బిందెలా! అది గేదా, చెరువా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "మోసేది నేను గదా, లెక్క నాకు తెలియదా?" అంది. ఆ మాటతో గది నిశ్శబ్దమైంది. ఆ రోజు పాఠం సగం ఆమే చెప్పింది.

అందరూ నిలబడ్డాక లెక్క విప్పండి. పాలివ్వని పెద్ద గేదెకు మామూలు రోజుల్లో సుమారు 40 లీటర్ల నీరు కావాలి. ఇచ్చే ప్రతి లీటరు పాలకు మరో 4 నుంచి 5 లీటర్లు కావాలి. 6 లీటర్ల పాలకు 24 నుంచి 30 లీటర్లు. మొత్తం 64 నుంచి 70 లీటర్లు. అంటే 12 లీటర్ల బిందెతో ఐదున్నర, ఆరు బిందెలు. ఎండలు ముదిరితే ఇంకా ఎక్కువ. ఇవి అందాజు లెక్కలేనని కూడా చెప్పండి. పశువు బరువును బట్టి, మేతను బట్టి, ఎండను బట్టి ఇవి మారుతుంటాయి.

తప్పు గీత మీద నిలబడినవారిని ఎగతాళి చేయనివ్వకండి. రెండో గీత మీద నిలబడ్డ ఆయన కూడా అబద్ధమాడలేదు. తన కంటబడేది సాయంత్రం తాను తాపే రెండు బిందెలే. మిగతాది ఎవరు తాపుతున్నారు, అసలు ఎవరైనా తాపుతున్నారా అన్నది ఆయన ఇంటికి వెళ్ళి విచారించుకోవలసిన విషయం.

మూడవ అంచె: పది గ్లాసులు

పది ఖాళీ గ్లాసులు వరుసగా పెట్టండి. "ఈ పదీ చిక్కటి గేదెపాలు అనుకోండి. చెంబు నీళ్ళు కూడా కలపని పాలే. వీటిలోని నీరంతా విడదీసి పోస్తే ఎన్ని గ్లాసులు నిండుతాయి?" అని అడగండి. ఎవరికి తోచినన్ని గ్లాసుల్లో వారిచేత నీళ్ళు పోయించండి. రెండు పోసేవారు, మూడు పోసేవారు ఉంటారు. సగానికి సగం పోసేవారు అరుదు.

అప్పుడు మీరు ఎనిమిది గ్లాసులు నింపి, తొమ్మిదో దానిలో అడుగున కొంచెం పోయండి. గేదెపాలలో నూటికి సుమారు 82–83 పాళ్ళు నీరే. ఆవుపాలలో అయితే సుమారు 87 పాళ్ళు. వెన్న, మాంసకృత్తులు, పాల చక్కెర, ఖనిజ లవణాలు అన్నీ కలిపి మిగిలిన ఆ కాస్తలోనే ఇమిడి ఉన్నాయి.

ఈ సమయంలో వెనుక నుంచి ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "అయితే మేము కలపకముందే కలిసి ఉన్నాయన్నమాట!" తరగతి అంతా గొల్లుమంటుంది. ఇక్కడ బోధకులు కోపగించుకోకూడదు. మనం ఎదురు చూస్తున్నది ఆ మాట కోసమే. మీరూ నవ్వి, ఇలా అనండి:

"అవునయ్యా, కలిసే ఉన్నాయి. కలిపింది గేదె. గేదె కలిపితే పాలు, మనం కలిపితే నీళ్ళు."

ఇక్కడ ఆట ముగిసి పాఠం మొదలవుతుంది. నీరు పాలలోకి పోయే దారులు రెండున్నాయి. ఒకటి పశువు నోటి దారి, రెండోది పాల గిన్నె దారి. మొదటిది సభ్యునికి లాభం, రెండోది సభ్యునికీ సంఘానికీ నష్టం. ఎందుకో విడివిడిగా చూద్దాం.

మొదటి దారి: పశువు నోటి నుంచి

చాలామంది పాడి రైతుల్లో ఒక అపోహ ఉంది. ఎక్కువ నీళ్ళు తాపితే పాలు పలచబడతాయని, వెన్న శాతం పడిపోతుందని నమ్ముతారు. ఒక ఊళ్ళో ఒక పెద్దాయన, "పాలు తీసేదాకా నేను దానికి నీళ్ళు చూపను. వెన్న మీద గదా మీరు డబ్బులిచ్చేది?" అని మాతోనే అన్నాడు. ఆయన సంఘాన్ని మోసం చేయడం లేదు. సంఘం దర కోసం తన గేదెను దాహంతో మాడుస్తున్నాడు. ఆ నష్టం ఎవరికో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

పాలు తయారయ్యే తీరు తెలిస్తే ఈ అపోహ తొలగుతుంది. పొదుగులోని కణాలు పాల చక్కెరను తయారు చేస్తాయి. ఉప్పు తేమను లాగినట్టు, ఆ చక్కెర రక్తంలోని నీటిని పాలలోకి లాగుతుంది. ఎంత చక్కెర తయారైతే అంత నీరు వస్తుంది. ఈ పాళ్ళను పశువు శరీరమే కాపాడుకుంటుంది. ఎక్కువగా తాగిన నీరు మూత్రంగా, చెమటగా, ఊపిరిగా బయటికి పోతుందే తప్ప పాలలోకి పోయి వాటిని పలచన చేయదు. నీరు చాలకపోతే పాలు చిక్కబడి ఆ లోటు తీర్చవు. దాహంతో ఉన్న పశువు మేత తగ్గిస్తుంది, మేత తగ్గితే చక్కెర తయారీ తగ్గుతుంది, దానితో పాల కొలతే తగ్గిపోతుంది. దాహం పెట్టి చిక్కటి పాలు తీద్దామనుకుంటే చివరికి మిగిలేది తక్కువ పాలే.

ఆ పెద్దాయనతో మేము వాదించలేదు. "పదిహేను రోజులు నీళ్ళు ఎప్పుడూ ముందుంచి చూడండి పెద్దయ్యా. మీ పుస్తకంలో కొలతా వెన్నా మీరే చూసుకోండి" అన్నాం. మరుసటి నెల తరగతికి ఆయనే ముందుగా వచ్చి పుస్తకం మా ముందు పెట్టాడు. పాలు పెరిగాయి, వెన్న ఎప్పటిలాగే ఉంది. "ఇన్నాళ్ళూ నోరులేని దాన్ని మాడ్చానే" అన్నాడు. ఆ రోజుల్లో ఆయన పచ్చిమేత కూడా కొంత పెంచాడని మాటల్లో తెలిసింది. అందుచేత పెరిగిన పాలన్నీ నీటి వల్లనే అని మేము చెప్పం. నీళ్ళు ఎక్కువైనందున వెన్న పడిపోలేదన్నది మాత్రం ఆయన పుస్తకంలోనే ఉంది.

ఈ దారిలో సభ్యులు పాటించవలసినవి:

1. వీలైతే పగలూ రాత్రీ తొట్టిలో నీళ్ళు ఉంచాలి. వీలు కాకపోతే మామూలు రోజుల్లో కనీసం మూడుసార్లు, ఎండాకాలంలో నాలుగైదుసార్లు తాపాలి. మేత తిన్న తరువాత, పాలు తీసిన తరువాత పశువుకు దాహం ఎక్కువ. ఆ వేళల్లో నీళ్ళు తప్పనిసరి.

2. మేతను బట్టి నీళ్ళ లెక్క మార్చాలి. పచ్చిమేతలో నూటికి 75 నుంచి 85 పాళ్ళు నీరు ఉంటుంది. 20 కిలోల పచ్చిమేత మేసిన పశువు అందులోనే సుమారు 16 లీటర్ల నీరు తీసుకుంటుంది. అదే 10 కిలోల ఎండు వరిగడ్డిలో ఉండేది ఒక్క లీటరే. ఎండాకాలంలో పచ్చిమేత దొరకదు, ఎండ మండిపోతుంది. అంటే దాహం రెండు వైపుల నుంచి పెరుగుతుంది. ఎండాకాలం పాలు తగ్గిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

3. గేదె అన్నా, బర్రె అన్నా, ఎనుము అన్నా దాని చర్మం నలుపు, చెమట గ్రంథులు ఆవు కంటె బాగా తక్కువ. ఒంటి వేడిని చెమటతో వదిలించుకోలేదు. అందుకే చెరువు కనిపిస్తే దిగి పడుకుంటుంది. చెరువు లేని ఊళ్ళో మధ్యాహ్నం వేళ రెండు మూడుసార్లు ఒంటి మీద నీళ్ళు చల్లాలి. నీడ తప్పనిసరి.

4. తొట్టిని ఎండలో ఉంచకూడదు. వేడెక్కిన నీళ్ళను పశువు మూతి పెట్టి వదిలేస్తుంది. వారానికి ఒకసారి తొట్టిని తోమి, సున్నం పూసి ఆరబెట్టాలి. పాచి పట్టిన తొట్టిలో నీళ్ళున్నా లేనట్టే.

5. కుడితి మంచిదే గాని, కుడితి ఒక్కటే చాలదు. నిలవ ఉండి పులిసిన కుడితి తాపకూడదు. పక్కన మంచినీళ్ళు వేరుగా ఉండాలి.

6. దూడను మరచిపోకూడదు. పాలు తాగుతున్నది గదా అని నీళ్ళు పెట్టనివారు చాలామంది ఉన్నారు. దాని అందుబాటులో చిన్న పాత్రలో మంచినీళ్ళు ఉంచాలి.

బోరు నీటి సంగతి

తరగతిలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటి ఉంది: "మా బోరు నీళ్ళు పశువులకు మంచివేనా?" దీనికి చూపుతో, రుచితో సమాధానం చెప్పకూడదు. ఉప్పదనం నాలుకకు తెలుస్తుంది గాని ఫ్లోరిన్ తెలియదు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. నల్లగొండ జిల్లా ఈ బాధను ఎంతకాలం మోసిందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. నీటిలోని ఫ్లోరిన్‌ను పటిక, సున్నాలతో తగ్గించే విధానాన్ని నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ 'నీరి' రూపొందించింది. ఆ విధానానికి 'నల్లగొండ పద్ధతి' అన్న పేరే స్థిరపడింది.

ఈ నీళ్ళు మనుషులకే కాదు, పశువులకూ చేటు. పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, పళ్ళు త్వరగా అరగడం, కీళ్ళు బిగిసి కుంటడం కనిపిస్తే అనుమానించాలి. నీళ్ళు కాచినందువల్ల ఫ్లోరిన్ పోదు. కొత్త బోరు వేసిన ప్రతి సభ్యుడూ నీటిని పరీక్ష చేయించుకునేటట్లు సంఘం చూడాలి.

రెండవ దారి: పాల గిన్నె నుంచి

ఇప్పుడు లాక్టోమీటరు తీయండి. సభ్యులు రోజూ చూస్తున్నదే అయినా దగ్గరగా చూసినవారు తక్కువ. జాడీలో మంచి పాలు పోసి లాక్టోమీటరు తేలనివ్వండి. ఎంత మునిగిందో ఒక సభ్యురాలి చేత చెప్పించండి. తరువాత అందరి ఎదుట ఆ పాలలో కొన్ని నీళ్ళు కలిపి మళ్ళీ తేలనివ్వండి. లాక్టోమీటరు మరింత లోతుకు దిగుతుంది. పరీక్షకు వాడిన ఆ పాలను క్యానులో కలపకూడదు. నేడు చాలా కేంద్రాల్లో యంత్రమే వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూపుతున్నది. యంత్రం అంకె చూపుతుంది, లాక్టోమీటరు కారణం చూపుతుంది. పాఠానికి లాక్టోమీటరే మేలు.

ఆ పైన ఈ చిన్న లెక్క నోటితో చేయించండి.

7 శాతం వెన్న, 9 శాతం ఎస్.ఎన్.ఎఫ్. ఉన్న 9 లీటర్ల పాలలో ఒక లీటరు నీళ్ళు కలిపితే 10 లీటర్లవుతాయి. వెన్న సుమారు 6.3 శాతానికి, ఎస్.ఎన్.ఎఫ్. సుమారు 8.1 శాతానికి దిగుతాయి. తొమ్మిదిని ఏడుతో హెచ్చిస్తే 63. పదిని ఆరు పాయింట్ మూడుతో హెచ్చించినా 63. వెన్న పిసరంత కూడా పెరగలేదు. వెన్నను లెక్కగట్టి డబ్బులిచ్చే చోట ఆ లీటరు నీళ్ళకు కానీ కూడా రాదు. పైగా ఎస్.ఎన్.ఎఫ్. తగ్గినందుకు కోత పడుతుంది. అంటే ఆ సభ్యుడు నీళ్ళు మోసుకొచ్చి, తన డబ్బే పోగొట్టుకున్నాడన్నమాట.

నష్టం ఒక్కరితో ఆగదు. ఇప్పుడు ఆట మొదట్లో పక్కన పెట్టిన చెంబును మళ్ళీ ముందుకు తీసుకురండి. "నా చేతిలో పోయింది ఒక్క చుక్కే" అని ప్రతివారూ అన్నారు. క్యాను దగ్గర కూడా అంతే. "నేను కలిపింది ఒక్క గ్లాసే" అని ఒకరనుకుంటారు, పక్కవారూ అలాగే అనుకుంటారు. ఊరి పాలన్నీ ఒకే క్యానులో కలుస్తాయి. పరీక్షలో పడిపోయేది ఊరి పేరు. గిన్నెలో పోసిన నీళ్ళు శుభ్రమైనవి కాకపోతే వాటితోపాటు సూక్ష్మజీవులు కూడా వచ్చి చేరతాయి. ఎండాకాలంలో చిల్లింగ్ కేంద్రానికి చేరేలోపే పాలు విరిగిపోతే, కలపనివారి పాలు కూడా వాటితోపాటే పోతాయి. పాల గిన్నె కడిగిన నీళ్ళు ఒట్టిపోనిస్తే కూడా ఇదే ముప్పు. కడిగిన గిన్నెను బోర్లించి ఆరబెట్టాలి.

కొలత, పరీక్ష సభ్యుని ఎదుటే జరగాలన్నది ఆణంద్ పద్ధతికి ప్రాణం వంటిది. 1970లో ప్రారంభమైన ఆపరేషన్ ఫ్లడ్ ఆ పద్ధతిని దేశమంతటా పరచింది. ఒకరి పాలు చూసి మరొకరు అనుమానపడే చోట సంఘం నిలవదు. సభ్యులు కలపకూడదని చెప్పే ముందు కార్యదర్శి తన కొలపాత్రను, తన పరీక్షను అందరూ చూసేలా ఉంచాలి. ఈ పాఠం బల్లకు రెండు వైపులా ఉన్నవారికీ వర్తిస్తుంది.

బిందె మోసేదెవరు?

పాఠం ఇక్కడితో ముగిసినట్టే అనిపిస్తుంది గాని, ఆరో గీత మీద నిలబడ్డ ఆ పెద్దావిడ మాట మిగిలే ఉంది. ఆరు బిందెలు ఒక గేదెకు. రెండు గేదెలుంటే పన్నెండు. మేతలోని తడిని తీసివేసినా, పచ్చిమేత లేని ఎండాకాలంలో దాదాపు అన్నీ మోయవలసినవే. కుళాయి ఇంటి ముందుంటే సరే, లేకపోతే వీధి చివరి నుంచో, ఊరి బయట నుంచో తేవాలి. ఇంటికి నీళ్ళు, వంటకు నీళ్ళు వేరు. పశువుకు ఎక్కువ నీళ్ళు తాపండి అని మనం తేలికగా చెబుతాం. ఆ మాటకు అర్థం చాలా ఇళ్ళల్లో, ఆమె ఇంకో మూడు బిందెలు మోయాలి అని.

ఆమె ఎదుట ఆ మాట అనేందుకు మనకు ముఖం ఉండాలంటే సంఘం కొన్ని పనులు చేయాలి. పాల కేంద్రం దగ్గర, పశువులు వెళ్ళే దారిలో ఒక నీళ్ళ తొట్టి కట్టించడం సంఘం నిధితో, పంచాయతీ సాయంతో అయ్యే పని. పాకలోనే సిమెంటు గాబు కట్టుకుని గొట్టంతో నింపుకునే వీలు ఎవరికి ఉందో పర్యవేక్షకులు చూసి సలహా చెప్పవచ్చు. ఇంట్లోని మగవారు ఉదయం ఒక విడత, రాత్రి ఒక విడత తామే తాపవచ్చు. దీనికి ఏ పథకమూ అక్కరలేదు. అన్నిటికంటె ముందు, గేదెను సాకే మనిషి పేరు సంఘం పుస్తకంలో సభ్యురాలిగా ఉండాలి. లెక్క తెలిసినవారు గుమ్మం బయట, తెలియనివారు ముందు వరుసలో కూర్చుంటే ఏ పాఠమూ సాగదు.

ఇంటి పని

తరగతి ముగిసే ముందు ప్రతివారికీ ఒక పని అప్పగించండి. ఒక రోజు తెల్లవారుజాము నుంచి మర్నాడు తెల్లవారుజాము దాకా తమ పశువుకు ఎన్ని బిందెలు తాపారో పాక గోడ మీద బొగ్గుతో గీతలు గీయాలి. బిందె మోసినవారే గీత గీయాలి. ఆ రోజు ఇచ్చిన పాలు, వెన్న శాతం పాల పుస్తకంలో ఉండనే ఉంటాయి. తరువాతి తరగతిలో మళ్ళీ సుద్దతో ఎనిమిది గీతలు గీసి, ఈసారి ఊహతో కాక తమ లెక్కతో నిలబడమనండి. గీతలు ఎలా మారాయో అందరూ చూస్తారు.

తరగతి చివర అడగవలసిన ప్రశ్నలు

1. ఎక్కువ నీళ్ళు తాగిన గేదె పాలు పలచబడతాయా? ఎందుకు పలచబడవు?
2. ఎండుమేత మేసే పశువుకు నీళ్ళు ఎందుకు ఎక్కువ కావాలి?
3. ఒక లీటరు నీళ్ళు కలిపిన సభ్యునికి వెన్న లెక్కలో ఎంత లాభం వచ్చింది?
4. మీ ఇంట్లో పశువు నీళ్ళ లెక్క ఎవరికి బాగా తెలుసు? ఆమె పేరు సంఘం పుస్తకంలో ఉందా?

నాలుగో ప్రశ్నకు సమాధానం వెంటనే రాకపోయినా ఫరవాలేదు. ఇంటికి వెళ్ళి ఆలోచించుకోనివ్వండి.

ఈ ఆటను మీ మీ సంఘాల్లో ఆడించి చూడండి. బిందె లేకపోతే బకెట్, చెంబు లేకపోతే గిన్నె ఏదైనా సరే. మీ ఊరి వాడుకకు తగినట్లు మార్చుకోండి. "గేదె కలిపితే పాలు, మనం కలిపితే నీళ్ళు" అన్న ఒక్కమాట సభ్యులు ఇంటికి పట్టుకుపోతే, ఆ సాయంత్రం వారి పాకలో తొట్టి నిండుతుంది. మా కృషి ఫలించడానికి మాకు అంతే చాలు.